ఓడే జట్టుకు జెర్సీ వేయించాలంటే: భీమవరం, అమలాపురం వైపు ప్రింటింగ్ పనుల మీద సమీక్ష

గెలిచే జట్టు అభిమానికి జెర్సీ ఒక్క సీజన్ ఆగితే చాలు. కప్పు వచ్చిన వారానికే వెనక ‘విన్నర్స్’ అని కొట్టించి కొత్తది తొడుక్కుంటాడు. ఏటా ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో మొదటి రౌండులోనో రెండో రౌండులోనో ఇంటిదారి పట్టే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వెంట తిరిగేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి ఒకే జెర్సీ మూడు నాలుగేళ్ళు రావాలి. వానకీ, బురదకీ, చెమటకీ తట్టుకోవాలి. మధ్యలో చేరిన జూనియర్లకి అచ్చం అదే రంగులో ఇంకో నాలుగు దొరకాలి. అందరూ కలిపినా పదిహేను ఇరవై మందే గనక వంద పీసుల ఆర్డరుకిచ్చే రేటు వాళ్ళకి రాదు. ఈ సమీక్ష వాళ్ళ కోసమే. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ షాపుల్లో జెర్సీ ప్రింటింగ్ మూడు పద్ధతుల్లో జరుగుతోంది. ఏది ఎన్నాళ్ళు ఉంటుంది, ఎక్కడ పాడవుతుంది, ఆర్డరిచ్చేటప్పుడు ఏమడగాలి అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. పది పీసులు దాటితే పూర్తి సబ్లిమేషన్ (రంగును దారంలోకే దింపే పద్ధతి) వేయించండి, ఇంకో ఆలోచన వద్దు. ఒకటీ రెండూ అయితే డీటీఎఫ్ (ఫిల్ము మీద ప్రింటు తీసి జెర్సీకి అతికించే పద్ధతి) పర్లేదు, కానీ రంగు చూసి ఎంచుకోవాలి. వినైల్ (రంగు షీటు కోసి అతికించడం) అంకెలకే పనికొస్తుంది.

సబ్లిమేషన్ అంటే డిజైనును ప్రత్యేకమైన కాగితం మీద తిరగేసి ప్రింటు తీసి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 సెకన్లు హీట్ ప్రెస్‌లో నొక్కడం. ఆ వేడికి రంగు ఆవిరై పాలిస్టర్ దారంలోకే దిగిపోతుంది. గుడ్డ మీద విడిగా పొరంటూ ఉండదు గనక పగలడానికి, ఊడడానికి ఏమీ లేదు. చేత్తో తడిమితే ప్రింటు ఉన్న చోటు, లేని చోటు ఒకేలా తగలాలి. ఇది తెల్లటి పాలిస్టర్ మీదే పనిచేస్తుంది. కాటన్ కలిసిన గుడ్డ మీద నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది, ఎందుకంటే కాటన్ పోగు ఆ రంగును పట్టుకోదు. ఈ ప్రింటర్లలో తెల్ల సిరా కూడా ఉండదు. డిజైనులో తెలుపు ఉందంటే అది గుడ్డ తెలుపే. గుడ్డ పాలతెలుపైతే మీ తెల్ల చారలూ పాలతెలుపే.

అసలు మోసం జరిగే చోటు ఒకటుంది. ‘సబ్లిమేషనే’ అని చెప్పి కొన్ని షాపుల్లో కుట్టేసిన తెల్ల జెర్సీ మీద ముందూ వెనకా రెండు పలకలు నొక్కి ఇచ్చేస్తారు. అసలు పద్ధతి అది కాదు. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు, కాలరు విడివిడిగా ప్రింటయి, తర్వాత కత్తిరించి కుట్టాలి. కుట్టాక నొక్కితే చంక కింద, భుజం కుట్టు పక్కన గుడ్డ మడతపడిన చోట రంగు అందదు. జెర్సీని చేతికి తగిలించుకుని చంక దగ్గర రెండు వేళ్ళతో సాగదీసి చూడండి. తెల్లటి చార, కత్తిగాటులాగా సన్నగా, కుట్టు వెంబడి కనిపిస్తే అది కుట్టిన తర్వాత నొక్కిన సరుకే. డ్రమ్ము కొడుతూ చెయ్యెత్తిన ప్రతిసారీ ఆ చార బయటపడుతుంది. ఆర్డరిచ్చేటప్పుడే ‘ప్యానెల్ ప్రింటా, రెడీమేడ్ మీద ప్రింటా?’ అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

గుడ్డ బరువు కూడా అడగాలి. చదరపు మీటరుకు 140 నుంచి 160 గ్రాములున్నది మన ఉక్కకీ, మన ముతక వాడకానికీ సరిపోతుంది. తక్కువ రేటుకి ఇచ్చేది చాలావరకు 110, 120 గ్రాముల గుడ్డ. చెమట పట్టగానే లోపలి బనియను కనిపిస్తుంది, గ్రౌండు కంచె తీగకి తగిలితే పోగు లేచిపోతుంది. 180 దాటితే సెప్టెంబరు ఎండలో రెండో హాఫ్ దాకా ఒంటిమీద ఉంచుకోలేరు. డాట్ నిట్, రైస్ నిట్ అనే రెండు రకాల నేతలు ఎక్కువగా వస్తాయి. డాట్ నిట్‌లో చిన్న చిన్న రంధ్రాలుంటాయి, గాలి ఆడుతుంది, కానీ సన్నటి అక్షరాల అంచులు చెదిరినట్టు పడతాయి. వెనక పెద్ద అంకె, ముందు చిన్న లోగో మాత్రమే ఉంటే డాట్ నిట్ తీసుకోండి. ముందు భాగమంతా తెలుగు అక్షరాలుంటే రైస్ నిట్ మేలు.

మన ఊళ్ళలో చాలా షాపులకి హీట్ ప్రెస్ ఉంటుంది గానీ ప్యానెల్ ప్రింటు తీసే పెద్ద మెషిను ఉండదు. ఆర్డరు తీసుకుని బయట ఊరికి పంపి తెప్పిస్తారు. అందులో తప్పేమీ లేదు, మధ్యలో మాట జారకుండా చూసుకోవాలి, అంతే. మీరు భీమవరంలో చెప్పిన ‘కొంచెం ముదురు మెరూన్’ అక్కడికి చేరేసరికి గోధుమరంగు అయిపోతుంది. ఫోను తెర మీద చూసిన రంగు గుడ్డ మీద రాదు. మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ మరీ తేడా కొడతాయి. అసలు గుడ్డ మీదే అరచేతి వెడల్పు ముక్క ప్రింటు తీయించి, దాన్ని పగటి వెలుతురులో చూసి సరే అనండి. ట్యూబులైటు కింద చూడొద్దు. ఆ ముక్కని పారేయకండి. వెనక పెన్నుతో తేదీ, నాలుగు రంగుల సిరా శాతాలు రాసి దాచండి. రెండేళ్ళ తర్వాత ఇంకో నాలుగు జెర్సీలు వేయించాల్సి వచ్చినప్పుడు ఫైలుకంటే ఆ ముక్కే ఎక్కువ సాయం చేస్తుంది, ఎందుకంటే ఈలోగా షాపాయన సిరా కంపెనీ మార్చి ఉంటాడు, కాగితం మార్చి ఉంటాడు, ఒకే ఫైలు వేరే రంగులో వస్తుంది. ఫైలు కూడా మీ దగ్గర ఉంచుకోవాలి. జేపీజీ కాదు, అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (అంటే ఫాంటుతో పనిలేని గీతల్లోకి) మార్చిన పీడీఎఫ్ కావాలని అడిగి తీసుకోండి. డిజైను చార్జీ తీసుకున్నప్పుడు ఫైలివ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. ఉంటే ఇంకో షాపు చూసుకోండి.

డీటీఎఫ్ వేరు. పల్చటి ఫిల్ము మీద రంగులు, వాటి మీద తెల్ల సిరా పొర ప్రింటవుతాయి. తడి సిరా మీద జిగురు పొడి చల్లి కరిగిస్తారు. తర్వాత ఆ ఫిల్మును జెర్సీ మీద 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10, 15 సెకన్లు నొక్కి, ఫిల్ము పీకి, ఇంకోసారి కొద్దిసేపు నొక్కుతారు. ఒక్క పీసుకైనా చేస్తారు, ఏ రంగు గుడ్డ మీదైనా పడుతుంది, గంటలో చేతికొస్తుంది. సీజను మధ్యలో ఒక్కడికి జెర్సీ కావాలంటే ఇదే దారి. కానీ మన ప్రాంతంలో దీనికి రెండు గండాలున్నాయి.

మొదటిది తేమ. జూలై నుంచి నవంబరు దాకా డెల్టాలో గాలి తడిగానే ఉంటుంది. ఆ తేమకి జిగురు పొడి ఉండకట్టి, సిరా లేని చోట కూడా ఫిల్ముకి అంటుకుంటుంది. జెర్సీ మీద అక్షరాల చుట్టూ ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే కారణం అదే. గుడ్డలో ఉన్న తేమ ప్రెస్ కింద ఆవిరై పొరని లోపలినుంచి పైకి తోస్తుంది. అలాంటిది నాలుగో ఉతుక్కి మూలల నుంచి లేస్తుంది. ప్రింటరున్న గదికి ఏసీ ఉందో లేదో చూడండి. అద్దే ముందు ఖాళీ జెర్సీని ఐదారు సెకన్లు ప్రెస్‌లో పెట్టి తేమ తీయమనండి. ఏసీ లేని షాపులో వర్షాకాలం డీటీఎఫ్ వేయించొద్దు, ఎంత తెలిసినాయనైనా సరే.

రెండోది రంగు పైకి ఎక్కడం. ఎర్ర, మెరూన్ రెడీమేడ్ పాలిస్టర్ జెర్సీలకి ఫ్యాక్టరీలో వేసిన రంగు వేడి తగిలితే మళ్ళీ కదులుతుంది. షాపులో తెల్లగా మెరిసిన 12 అంకె రెండు మూడు రోజుల్లో గులాబీ రంగుకి తిరుగుతుంది. ఉతికితే పోదు, ఏం చేసినా పోదు. తక్కువ వేడిమీద అంటుకునే జిగురు పొడి వాడితే చాలావరకు ఆగుతుంది. రంగుని ఆపే ముదురు పొర మధ్యలో వేసే ఫిల్ము కూడా ఉంది. ‘ఎర్ర పాలిస్టర్ మీద తెలుపు నిలుస్తుందా, ఏ పొడి వాడతారు?’ అని అడిగితే పని తెలిసినాయన వెంటనే జవాబు చెప్తాడు. ‘ఏం కాదండీ, మాది గ్యారంటీ’ అని మాత్రమే అంటే నలుపు అంకె వేయించుకోండి.

వినైల్ అంటే రంగు షీటుని మెషినుతో అక్షరం ఆకారంలో కోసి అతికించడం. అంకెలకి బాగుంటుంది, గట్టిగా ఉంటుంది. తెలుగు అక్షరాలకి మాత్రం వద్దు. వత్తు కాలు 2 మిల్లీమీటర్లకంటే సన్నమైతే కోసేటప్పుడే చిరుగుతుంది, లేదా ఉతుకులో అదే ముందు లేస్తుంది.

తెలుగు అక్షరాల సంగతి వచ్చింది గనక ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ జెర్సీలు పాడయ్యేది ఇక్కడే. షాపుల్లో డిజైను కోరల్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు, తెలుగుకి ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లు వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లలో వాడే వేరే పద్ధతి. దాన్ని నేరుగా పాత కోరల్‌డ్రాలో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుణింతం ఎగిరిపోతుంది. ‘కృష్ణా’, ‘ఆంధ్ర’, ‘విద్యార్థి’ లాంటి మాటలు ముందు దెబ్బతింటాయి. డిజైనరు మళ్ళీ టైపు చేస్తాడు, అక్కడ ఇంకో తప్పు పడుతుంది. ప్రూఫు (ప్రింటుకి ముందు చూపించే డిజైను) వచ్చినప్పుడు తెలుగు బాగా చదివేవాళ్ళు ఇద్దరు, విడివిడిగా, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడాలి. ఫోనులో చిన్నగా కాదు, పెద్దది చేసి చూడాలి. ఛాతీ మీద వచ్చే మాట ఎత్తు కనీసం రెండంగుళాలు ఉంచండి. కింద వత్తులకీ పైన గుణింతాలకీ చోటు పోతుంది గనక ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు తెలుగుకి సరిపోదు.

ఇక ఏం రాయించాలి? ఓడే జట్టు అభిమానులకి మా గట్టి సలహా: సంవత్సరం వేయించొద్దు, ఆటగాళ్ళ పేర్లు వేయించొద్దు. డిగ్రీ మూడేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు. ఈ ఏడాది మీరు మెచ్చిన గోల్‌కీపరు వచ్చే ఏడాది హైదరాబాదులో ఉద్యోగంలో ఉంటాడు, జెర్సీ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. కాలేజీ పేరు, ఊరు, రంగులు, వెనక 12. పదకొండు మంది ఆడతారు, పన్నెండో స్థానం అభిమానులది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో, అంటే కోలగా ఉండే బంతితో ఆడే వాళ్ళ ఆటలో, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఈ సంప్రదాయాన్ని 1922 నుంచి లెక్కిస్తుంది. ఆ ఏడాది జనవరి 2న సెంటర్ కాలేజీతో మ్యాచ్‌లో ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి పడిపోతుంటే, మైదానం బయటున్న ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ పిలిపించాడు. గిల్ జెర్సీ తొడుక్కుని ఆట చివరిదాకా సిద్ధంగా నిలబడ్డాడు, దిగే అవసరం రాలేదు. అందరి వీపు మీదా ఒకే అంకె ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఒకటే ఫైలు, పీసుకో పేరు మార్చే చార్జీ ఉండదు, ఎవరి జెర్సీ ఎవరైనా వేసుకోవచ్చు.

సంవత్సరం ఎందుకు వద్దంటున్నామో ఆ అమెరికా కాలేజీ జట్ల లెక్కలు చూసినా తెలుస్తుంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ జట్టు 1979 నుంచి 1982 దాకా వరసగా 34 మ్యాచ్‌లు ఓడింది. అదే జట్టు 1995 సీజన్లో తమ లీగు గెలిచి, రోజ్ బౌల్ అనే పేరున్న సీజన్ ముగింపు మ్యాచ్ ఆడింది. ప్రైరీ వ్యూ ఏ అండ్ ఎం అనే ఇంకో యూనివర్సిటీ జట్టు 1989 నుంచి 1998 దాకా వరసగా 80 ఓడి, ఆ తర్వాత లాంగ్‌స్టన్ జట్టు మీద 14–12తో గట్టెక్కింది. మన దేశంలోనే కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి 2012 ఫెడరేషన్ కప్పు తర్వాత మళ్ళీ జాతీయ స్థాయి టైటిల్ 2024 జనవరిలో సూపర్ కప్పుతోనే వచ్చింది. మధ్యలో 2021–22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో అట్టడుగున నిలిచింది. అంతకాలం ఎర్ర, పసుపు రంగులు మారలేదు. రంగు మారకపోతే పాత జెర్సీ పాతబడదు.

సైజుల విషయంలో షాపు చెప్పే ఎల్, ఎక్స్‌ఎల్ నమ్మొద్దు. ఒక్కో తయారీదారుకి ఒక్కో కొలత. ఛాతీ అంగుళాల్లో అడగండి: 38, 40, 42. ఒంటి కొలతకి నాలుగంగుళాలు కలిపితే లోపల టీషర్టు ఉన్నా ఇబ్బంది ఉండదు. సైజుకొకటి శాంపిలు తెప్పించి అందరిచేతా తొడిగించి చూశాకే జాబితా ఇవ్వండి. కావాల్సిన సంఖ్యకి 40, 42 సైజుల్లో రెండేసి ఎక్కువ వేయించండి. తర్వాత నాలుగంటే నాలుగు వేయించాలంటే కనీస ఆర్డరు పది అంటారు, లాట్ మారి తెలుపులో కూడా తేడా వస్తుంది. మీ జట్టు వచ్చే ఏడాది కూడా ఆడుతుంది, ఎవరో ఒకరు కొత్తగా చేరతారు. ఆ ఎక్కువ పీసులు వృథా కావు.

సరుకు చేతికొచ్చినప్పుడు చూడాల్సినవి: చంక కుట్టు పరీక్ష పైన చెప్పాం. తెల్ల రుమాలు తడిపి ముదురు రంగు మీద గట్టిగా పది సార్లు రుద్దండి, రంగు అంటితే వేడి చాలలేదన్నమాట, తెల్ల చారలు రెండో ఉతుక్కి పాడవుతాయి. రెడీమేడ్ మీద అద్దిన వాటికి అంకె చుట్టూ చతురస్రంగా మెరుస్తున్న మచ్చ ఉందేమో చూడండి, అది ప్రెస్ మరీ వేడిగా ఉండటం వల్ల వచ్చేది, పోదు. చేతి అంచు, కింది అంచు లోపలికి తిప్పి రెండు వరసల కుట్టు ఉండాలి. సగం అడ్వాన్సు ఇస్తారు గనక మిగతా సగం ఇవన్నీ చూశాకే ఇవ్వండి.

గడువు విషయం. ప్యానెల్ ప్రింటుకి మామూలుగా వారం, పది రోజులు చెప్తారు. సంక్రాంతి ముందు ఆ లెక్క పనికిరాదు. ఊరూరా క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు ఉంటాయి, డిసెంబరు మధ్య నుంచి ఏ షాపు చూసినా జెర్సీ మూటలే. పదిహేను పీసుల చిన్న ఆర్డరు వెనక్కి పోతుంది, హడావుడిలో ప్రూఫు చూపించకుండానే ప్రింటుకి వెళ్ళిపోతుంది. వినాయక చవితికి ముందు కూడా అంతే. కాలేజీలు తెరిచి అడ్మిషన్లు అయ్యాక, ఆగస్టు మొదట్లో ఇచ్చేయడం ఉత్తమం.

ఉతకడం గురించి షాపుల్లో ఎవరూ చెప్పరు, జెర్సీ ఆయుష్షు సగం దాని మీదే ఉంది. డీటీఎఫ్, వినైల్ వేయించిన వాటిని 24 గంటల దాకా నీళ్ళలో పెట్టొద్దు. ఏ రకమైనా లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్ళలో ఉతకాలి. బ్లీచింగు, కంఫర్టు లాంటివి వద్దు. కంఫర్టు పాలిస్టర్ మీద పొర కట్టి చెమట పీల్చనివ్వదు, వాసన అందులోనే ఉండిపోతుంది. మన బంకమట్టి అంటితే తడి మీద రుద్దకండి, నేతలోకి ఇంకా దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, దులిపి, బ్రష్షుతో తీసి, అప్పుడు నానబెట్టండి. గోదావరికి వరదొచ్చినప్పుడు కాలువ నీళ్ళు ఎర్రగా వస్తాయి, ఆ నీళ్ళలో తెల్ల చారలు నెమ్మదిగా మట్టిరంగుకి తిరుగుతాయి. బకెట్లో రాత్రంతా తేర్చిన పైనీళ్ళు వాడండి. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళతో ఉతికితే చివరి జాడింపు మాత్రం మంచినీళ్ళతో చేయండి. ఎండలో కాకుండా నీడలో, గాలి తగిలేచోట ఆరేయండి. వానల్లో కొద్దిగా చెమ్మ ఉండగానే మడతపెట్టి బీరువాలో పెడితే వారానికే నల్ల చుక్కలు పడతాయి, ఆ బూజు పాలిస్టర్ నుంచి కూడా తేలిగ్గా పోదు.

ఇస్త్రీ బండికి మాత్రం ఇవ్వొద్దు. బొగ్గుల పెట్టె వేడి ఎంతో ఎవరికీ తెలియదు, డీటీఎఫ్ పొర పెట్టెకే అంటుకుపోతుంది. ముడతలు పోవాలంటే ఉతికిన వెంటనే దులిపి హ్యాంగరుకి వేలాడదీస్తే చాలు.